ఏ కేబుల్ ఏ స్విచ్‌లో ఉందో తీగనే అడగండి: సీడీపీ, ఎల్ఎల్‌డీపీతో హోస్ట్ నెట్‌వర్క్ సెట్ చేసుకోవడం

కొత్త సర్వర్ ర్యాక్‌లోకి ఎక్కింది, వెనకాల ఆరో ఎనిమిదో నెట్‌వర్క్ పోర్టులు, అన్నిటికీ కేబుళ్లు పెట్టేశారు, ఈఎస్ఎక్స్ఐ గానీ ప్రాక్స్‌మాక్స్ గానీ (వీఎంలని, అంటే వర్చువల్ మెషీన్లని, నడిపే హైపర్‌వైజర్లు) ఇన్‌స్టాల్ కూడా అయిపోయింది. ఇప్పుడు స్క్రీన్ మీద నెట్‌వర్క్ కార్డుల పేర్లు, ఈఎస్ఎక్స్ఐలో అయితే విఎంనిక్0 నుంచి విఎంనిక్7 దాకా, వరుసగా కనపడుతున్నాయి. ఇందులో మేనేజ్‌మెంట్‌కి వెళ్లేది ఏది, స్టోరేజ్‌కి వెళ్లేది ఏది, ఏ రెండిటిని జత కడితే ఒక స్విచ్ పోయినా హోస్ట్ బతికుంటుంది? ఇక్కడ చాలామంది కేబులింగ్ ఎక్సెల్ షీట్ తెరుస్తారు. ఆ షీట్ ఎవరో కేబుల్ పెట్టకముందు రాసింది, పెట్టాక ఎవరూ సరిచూడనిది, దాన్ని నమ్మి అప్‌లింకులు (హోస్ట్ నుంచి స్విచ్‌కి వెళ్లే లింకులు) కట్టొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఒకసారి నేను నమ్మాను. రెండు అప్‌లింకులు రెండు వేరే స్విచ్‌లలో ఉన్నాయని షీట్‌లో ఉంది, టీమింగ్ (రెండిటినీ జత కట్టడం) పెట్టాం, నెలల తరబడి బానే నడిచింది. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ కోసం ఒక స్విచ్‌ని రీబూట్ చేసిన రాత్రి ఆ హోస్ట్ మీదున్న వీఎంలన్నీ ఒక్కసారిగా నెట్‌వర్క్ నుంచి తెగిపోయాయి, చూస్తే రెండు కేబుళ్లూ అదే స్విచ్‌లో పక్కపక్క పోర్టుల్లో ఉన్నాయి. బాధ ఏంటంటే ఆ విషయం అన్ని నెలలూ నిమిషానికోసారి ఆ స్విచ్ ఆ తీగల మీదే చెప్తూ ఉంది, మేం వినలేదు అంతే.

స్విచ్ ఇలా తన పేరు, పోర్టు చెప్పుకునే పద్ధతులే సీడీపీ, ఎల్ఎల్‌డీపీ. సీడీపీ సిస్కో వాళ్ల సొంతది, మామూలుగా 60 సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ (చిన్న డేటా ప్యాకెట్) పంపిస్తుంది, 180 సెకన్లు కొత్తది రాకపోతే పాతది చెల్లదు. ఎల్ఎల్‌డీపీ అందరిదీ, ఐఈఈఈ 802.1ఏబీ అనే స్టాండర్డ్, 2005లో వచ్చింది, డీఫాల్ట్‌గా 30 సెకన్లకోసారి వెళ్తుంది. రెండూ లేయర్ 2లోనే ఉంటాయి, అంటే హోస్ట్‌కి ఐపీ అడ్రస్ లేకపోయినా, వీల్యాన్ (ఒకే స్విచ్‌లో నంబర్‌తో విడదీసిన నెట్‌వర్క్) తప్పుగా ఉన్నా సరే, లింక్ అప్ అయితే చాలు ఫ్రేమ్ వచ్చేస్తుంది. కాన్ఫిగరేషన్ మొదలుపెట్టకముందే వాడుకోదగ్గవి కావడానికి కారణం ఇదే.

ఒక మాట, కమాండ్లు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మామూలు ఇంగ్లీష్ స్పెల్లింగే కొట్టండి.

1. ముందు స్విచ్ వైపు మాట్లాడుతోందా లేదా

నెట్‌వర్క్ టీమ్ వేరే ఉంటే వాళ్లని అడగాల్సింది ఒక్కటే, ఈ హోస్ట్ పోర్టుల మీద సీడీపీ లేదా ఎల్ఎల్‌డీపీ ట్రాన్స్‌మిట్ ఆన్‌లో ఉందా అని. సిస్కో క్యాటలిస్ట్‌లో సీడీపీ సాధారణంగా ఆన్‌లోనే ఉంటుంది, ఎల్ఎల్‌డీపీకి మాత్రం గ్లోబల్‌గా ఎల్ఎల్‌డీపీ రన్ అని కొట్టాల్సి రావచ్చు, నెక్సస్ అయితే ఫీచర్ ఎల్ఎల్‌డీపీ. జునిపర్‌లో సెట్ ప్రోటోకాల్స్ ఎల్ఎల్‌డీపీ ఇంటర్‌ఫేస్ ఆల్. కొన్నిచోట్ల సెక్యూరిటీ వాళ్లు సర్వర్ పోర్టుల మీద ఆపేయించి ఉంటారు, వాళ్ల భయంలో అర్థం ఉంది, స్విచ్ మోడల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మేనేజ్‌మెంట్ ఐపీ అన్నీ ఆ ఫ్రేమ్‌లో తెరిచే వెళ్తాయి, పైగా 2020 ఫిబ్రవరిలో సిస్కో సీడీపీ కోడ్‌లోనే సీడీపీవాన్ పేరుతో పెద్ద లోపాలు బయటపడ్డాయి. అందుకే నేను ఎప్పుడూ అడిగేది డేటాసెంటర్ లోపల హైపర్‌వైజర్ పోర్టుల వరకే, బయటి లింకుల మీద, యూజర్ల డెస్క్ పోర్టుల మీద ఆన్ చేయమని అడగను.

2. హోస్ట్ వైపు వినడం, ఈఎస్ఎక్స్ఐ అయితే

ఇక్కడ మొదట తెలుసుకోవాల్సింది, స్టాండర్డ్ విస్విచ్‌కి (హోస్ట్ లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్) సీడీపీ మాత్రమే వచ్చు. ఎల్ఎల్‌డీపీ కావాలంటే డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ (చాలా హోస్టులకి కలిపి ఒకేచోట నుంచి నడిపే విస్విచ్) ఉండాలి. ఎదురుగా ఉన్నది సిస్కో కాని స్విచ్ అయి మీ దగ్గర స్టాండర్డ్ విస్విచ్ మాత్రమే ఉంటే స్క్రీన్ మీద ఏమీ కనపడదు, అది మీ తప్పు కాదు, దానికి వేరే దారి కింద చెప్తా.

స్టాండర్డ్ విస్విచ్ డీఫాల్ట్‌గా లిజన్ మోడ్‌లో ఉంటుంది. ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ నెట్‌వర్క్ విస్విచ్ స్టాండర్డ్ లిస్ట్ కొడితే సీడీపీ స్టేటస్ అని ఒక లైన్ వస్తుంది, అక్కడ చూసుకోండి. నాలుగు మోడ్‌లు ఉంటాయి, డౌన్ అంటే ఏమీ లేదు, లిజన్ అంటే వినడం, అడ్వర్టైజ్ అంటే చెప్పడం, బోత్ అంటే రెండూ. నేను బోత్ పెడతా, ఎందుకంటే అప్పుడు స్విచ్ దగ్గర కూర్చున్నవాళ్లు షో సీడీపీ నైబర్స్ కొడితే మన హోస్ట్ పేరు, విఎంనిక్ నంబర్ వాళ్లకీ కనపడతాయి, రాత్రి రెండు గంటలకి ఫోన్‌లో "నీది ఏ పోర్టు, నాది ఏ పోర్టు" అనే సంభాషణ అక్కర్లేదు. దానికి కమాండ్ ఈఎస్ఎక్స్‌సీఎల్ఐ నెట్‌వర్క్ విస్విచ్ స్టాండర్డ్ సెట్, తర్వాత మైనస్ సీ బోత్, మైనస్ వీ విస్విచ్0.

ఈ లిజన్ అనేది విస్విచ్ మీద ఉండే సెట్టింగ్, కార్డు మీద ఉండేది కాదు. కాబట్టి ఏ విస్విచ్‌కీ కలపకుండా వదిలేసిన విఎంనిక్‌ల గురించి తెలుసుకోవాలంటే ఒక తాత్కాలిక విస్విచ్ చేసి, పోర్ట్‌గ్రూప్ (విస్విచ్‌లో వీఎంలు తగిలే చోటు) ఏమీ పెట్టకుండా, మిగిలిన విఎంనిక్‌లన్నీ దాంట్లో అప్‌లింకులుగా పడేయండి. లూప్ (ఫ్రేములు ఆగకుండా చుట్టూ తిరగడం) వస్తుందేమో అని భయపడక్కర్లేదు, ఈఎస్ఎక్స్ఐ విస్విచ్ ఒక అప్‌లింక్‌లో వచ్చిన ఫ్రేమ్‌ని ఇంకో అప్‌లింక్‌లోకి పంపదు. (ఇదే పని లినక్స్ బ్రిడ్జ్‌తో మాత్రం అస్సలు చేయకండి, కింద చెప్తా.)

తర్వాత కనీసం ఒక నిమిషం ఆగండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, లింక్ అప్ అయిన పది సెకన్లకే చూసి "ఏం రావట్లేదు, స్విచ్‌లో ఆఫ్ చేశారు" అని టికెట్ వేసేవాళ్లని చాలాసార్లు చూశా, 60 సెకన్లకోసారి వచ్చేదాన్ని పది సెకన్లలో వెతికితే ఎలా కనపడుతుంది. రెండు నిమిషాలు ఆగితే ఇంకా మంచిది.

విస్పియర్ క్లయింట్‌లో హోస్ట్ మీద కాన్ఫిగర్, నెట్‌వర్కింగ్, ఫిజికల్ అడాప్టర్స్, అక్కడ ఒక విఎంనిక్ ఎంచుకుంటే కింద సీడీపీ, ఎల్ఎల్‌డీపీ ట్యాబులు ఉంటాయి. షెల్‌లో ఉంటే విమ్ మైనస్ సీఎండీ హోస్ట్‌ఎస్‌వీసీ స్లాష్ నెట్ స్లాష్ క్వెరీ అండర్‌స్కోర్ నెట్‌వర్క్‌హింట్, అదే పని చేస్తుంది, ఇంకా ఆ కార్డు మీద ఏ వీల్యాన్‌లో ఏ ఐపీ రేంజ్ ట్రాఫిక్ కనపడిందో కూడా చెప్తుంది, అది చాలా విలువైన సమాచారం.

డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ అయితే సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో డిస్కవరీ ప్రోటోకాల్ ఉంటుంది, టైప్ ఎల్ఎల్‌డీపీ, ఆపరేషన్ బోత్. ఒకసారికి ఒక ప్రోటోకాలే ఎంచుకోగలం, రెండూ కలిపి కాదు.

స్టాండర్డ్ విస్విచ్, ఎదురుగా ఎల్ఎల్‌డీపీ మాత్రమే మాట్లాడే స్విచ్, ఈ కాంబినేషన్‌లో ఇరుక్కుంటే ప్యాకెట్ పట్టుకోవడమే దారి. పీకేటీక్యాప్ మైనస్ యూడబ్ల్యూ అనే టూల్ ఈఎస్ఎక్స్ఐలోనే ఉంటుంది, దానికి అప్‌లింక్ పేరు ఇచ్చి, ఈథర్‌టైప్ 88సీసీ అని ఫిల్టర్ పెట్టి, ఫైల్‌లోకి రాయించి వైర్‌షార్క్‌లో తెరవండి, స్విచ్ పేరు, పోర్టు స్పష్టంగా ఉంటాయి.

3. లినక్స్, కేవీఎం, ప్రాక్స్‌మాక్స్ అయితే

ఎల్ఎల్‌డీపీడీ అనే ప్యాకేజ్ ఇన్‌స్టాల్ చేయండి, దాంతో పాటే ఎల్ఎల్‌డీపీసీఎల్ఐ వస్తుంది. ఎదురుగా సీడీపీ మాత్రమే ఉంటే డెబియన్ కుటుంబంలో ఈటీసీ కింద డీఫాల్ట్ ఫోల్డర్‌లోని ఎల్ఎల్‌డీపీడీ ఫైల్‌లో డీమన్ ఆర్గ్స్ లైన్‌కి మైనస్ సీ చేర్చి సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

ఆ తర్వాత మర్చిపోయే మెట్టు ఒకటుంది. ఇన్‌స్టాలర్ మేనేజ్‌మెంట్ కార్డు ఒక్కటే అప్ చేసి మిగతావి డౌన్‌లో వదిలేస్తుంది, డౌన్‌లో ఉన్న కార్డుకి ఫ్రేమ్ రాదు. కాబట్టి ఒక్కో కార్డుకీ ఐపీ లింక్ సెట్ డెవ్, కార్డు పేరు, అప్ అని కొట్టండి, ఐపీ ఇవ్వక్కర్లేదు, బ్రిడ్జ్‌లో పెట్టక్కర్లేదు. పైన చెప్పిన జాగ్రత్త ఇక్కడే, తొందరలో అన్ని కార్డుల్నీ ఒకే బ్రిడ్జ్‌లో పెట్టారంటే లినక్స్ బ్రిడ్జ్ నిజమైన స్విచ్ లాగే ఒకదాంట్లో వచ్చింది ఇంకోదాంట్లోకి పంపిస్తుంది, ఎస్‌టీపీ (లూపులని ఆపే ప్రోటోకాల్) లేకపోతే రెండు స్విచ్‌ల మధ్య లూప్ తయారైపోతుంది, మీ హోస్ట్ ఒక్కటే కాదు ఆ వీల్యాన్ అంతా పడిపోతుంది.

ఇప్పుడు ఎల్ఎల్‌డీపీసీఎల్ఐ షో నైబర్స్. ఒక్కో కార్డు కింద ఛాసిస్ ఐడీ, సిస్టమ్ నేమ్, పోర్ట్ ఐడీ, పోర్ట్ డిస్క్రిప్షన్, స్విచ్ పంపిస్తే వీల్యాన్ నంబర్ కూడా వస్తాయి. స్విచ్ వైపు వాళ్లకి మన పోర్టు మ్యాక్ అడ్రస్ లాగా కాకుండా కార్డు పేరుతో కనపడాలంటే ఎల్ఎల్‌డీపీసీఎల్ఐలో కాన్ఫిగర్ ఎల్ఎల్‌డీపీ పోర్ట్ఐడీసబ్‌టైప్ ఇఫ్‌నేమ్ అని ఒకసారి ఇవ్వండి, వాళ్లు థ్యాంక్స్ చెప్తారు.

ఏమీ ఇన్‌స్టాల్ చేయడానికి వీల్లేకపోతే టీసీపీడంప్ చాలు, మైనస్ ఐ తో కార్డు పేరు, మైనస్ ఎన్‌ఎన్, మైనస్ వీ, మైనస్ సీ 1, ఫిల్టర్ ఈథర్ ప్రోటో 0ఎక్స్88సీసీ. ఒక్క ఫ్రేమ్ పట్టుకుని విప్పి చూపించి ఆగిపోతుంది.

4. అన్నీ సరిగ్గా ఉన్నా ఏమీ కనపడకపోతే

దీని మీద కాస్త ఆగుతా, ఎందుకంటే ఎక్కువ మంది టైమ్ పోయేది ఇక్కడే. ఇంటెల్ ఎక్స్710 కుటుంబం కార్డుల్లో ఫర్మ్‌వేర్ లోపలే ఒక ఎల్ఎల్‌డీపీ ఏజెంట్ ఉంటుంది, స్విచ్ పంపిన ఫ్రేమ్‌ని అదే తినేస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ దాకా రానివ్వదు. స్విచ్ వాళ్లేమో పంపిస్తున్నాం అంటారు, హోస్ట్‌లో టీసీపీడంప్ పెట్టినా ఒక్కటీ రాదు, ఇద్దరూ నిజమే చెప్తున్నట్టు. లినక్స్‌లో దీన్ని ఈథ్‌టూల్‌తో ఆపొచ్చు, మైనస్ మైనస్ సెట్ ప్రివ్ ఫ్లాగ్స్, కార్డు పేరు, డిజేబుల్ ఎఫ్‌డబ్ల్యూ ఎల్ఎల్‌డీపీ, ఆన్. ఈ810 కార్డుల్లో ఇదే ఫ్లాగ్ తిరగేసి ఉంటుంది, ఎఫ్‌డబ్ల్యూ ఎల్ఎల్‌డీపీ ఏజెంట్ ని ఆఫ్ చేయాలి. ముందు మైనస్ మైనస్ షో ప్రివ్ ఫ్లాగ్స్ కొట్టి మీ కార్డులో ఏ పేరు ఉందో చూసుకుని అప్పుడు మార్చండి. ఈఎస్ఎక్స్ఐలో అయితే ఐ40ఈఎన్ డ్రైవర్ మాడ్యూల్‌కి ఎల్ఎల్‌డీపీ అనే పారామీటర్ సున్నా పెట్టి రీబూట్ చేయాలి. ఒక జాగ్రత్త, స్టోరేజ్ కోసం డీసీబీని (స్టోరేజ్ ట్రాఫిక్ నష్టపోకుండా చూసే సెట్టింగులు) ఆ ఫర్మ్‌వేర్ ఏజెంటే స్విచ్‌తో మాట్లాడుకుంటూ ఉంటే దాన్ని ఆపితే ఆ సెట్టింగులు పోతాయి, స్టోరేజ్ టీమ్‌ని అడగకుండా నడుస్తున్న హోస్ట్‌లో ఆపొద్దు.

రెండో సందర్భం, కనపడుతుంది గానీ తప్పుగా కనపడుతుంది. ఒకే కార్డు మీద ఇద్దరు పొరుగువాళ్లు వచ్చారంటే మధ్యలో ఏదో ఉంది. ఎల్ఎల్‌డీపీ వెళ్లే అడ్రస్ 01:80:సీ2:00:00:0ఈ, దీన్ని స్టాండర్డ్ పాటించే ఏ స్విచ్చూ ముందుకు పంపదు, కాబట్టి వచ్చినవాడు పక్కవాడే అని ధైర్యంగా అనుకోవచ్చు. సీడీపీ వెళ్లేది 01:00:0సీ:సీసీ:సీసీ:సీసీ, సిస్కో కాని స్విచ్‌కి ఇది మామూలు మల్టీకాస్ట్, అన్ని పోర్టుల్లోకీ వదిలేస్తుంది, అప్పుడు మీకు కనపడే సిస్కో స్విచ్ మధ్యలో ఇంకో స్విచ్ దాటి అవతల ఉన్నది కావచ్చు. బ్లేడ్ ఛాసిస్‌లో కూడా చూసుకోండి, కనపడేది ఛాసిస్ లోపలి స్విచ్, ర్యాక్ పైన ఉన్నది కాదు, అక్కడి నుంచి పైకి ఎలా వెళ్లిందో మళ్లీ ఆ ఛాసిస్‌నే అడగాలి.

ఇదే తేడా లినక్స్ బ్రిడ్జ్‌లో కూడా ఉంటుంది, ఎల్ఎల్‌డీపీని డీఫాల్ట్‌గా వీఎంల దాకా వెళ్లనివ్వదు, సీడీపీని వదిలేస్తుంది. మీ వీఎంలు వేరేవాళ్లవైతే స్విచ్ వివరాలు వాళ్ల దాకా వెళ్తున్నాయన్నమాట, ఫిల్టర్ చేయాలా వద్దా అన్నది మీరు నిర్ణయించుకోండి.

5. మ్యాప్ రాసుకోవడం, జతలు కట్టడం

ఇప్పుడు ఒక చిన్న పట్టిక రాయండి, కార్డు పేరు, మ్యాక్, స్పీడ్, ఎదుటి స్విచ్ పేరు, ఎదుటి పోర్టు, నేటివ్ వీల్యాన్ (ట్యాగ్, అంటే వీల్యాన్ నంబర్ గుర్తు, లేకుండా వెళ్లేది). అది పూర్తయ్యేదాకా ఒక్క బాండ్ (కార్డుల జత) కూడా చేయకండి.

జత కట్టేటప్పుడు రూల్ మూడు లైన్లు కూడా ఉండదు, ఒకే పనికి పెట్టే రెండు అప్‌లింకులు రెండు వేరే స్విచ్ పెట్టెల్లో ఉండాలి, వీలైతే రెండు వేరే కార్డుల్లో కూడా. కానీ స్విచ్ పేరు ఒకటే వచ్చింది కదా అని వెంటనే కేబుల్ మార్పించకండి, స్టాక్ (ఒకే స్విచ్‌లా కలిపి నడిపే పెట్టెలు) అయితే అన్ని పెట్టెలూ ఒకే పేరుతో మాట్లాడతాయి, అప్పుడు పోర్టు నంబర్ చూడాలి, గిగాబిట్ 1/0/10, గిగాబిట్ 2/0/10 అని ఉంటే మొదటి అంకె స్టాక్‌లో పెట్టె నంబర్, అంటే వేర్వేరే. అదే 1/0/10, 1/0/11 అయితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

బాండ్ మోడ్ కూడా ఈ పట్టికే చెప్తుంది. రెండు స్విచ్‌లు విడివిడిగా ఉంటే యాక్టివ్ బ్యాకప్, ఈఎస్ఎక్స్ఐలో అయితే డీఫాల్ట్‌గా ఉండే వర్చువల్ పోర్ట్ ఐడీ పద్ధతి, స్విచ్ వైపు ఏమీ చేయక్కర్లేదు. ఎల్ఏసీపీ (రెండు లింకులని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) కావాలంటే ఆ రెండూ స్టాక్ గానీ ఎంల్యాగ్, వీపీసీ లాంటి జత (రెండు స్విచ్‌లు హోస్ట్‌కి ఒకటిలా కనపడే ఏర్పాటు) గానీ అయి ఉండాలి, అది నెట్‌వర్క్ టీమ్‌తో తేల్చుకోండి. స్టాండర్డ్ విస్విచ్‌కి ఎల్ఏసీపీ రాదని కూడా గుర్తుంచుకోండి, దానికి డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ కావాలి.

నేటివ్ వీల్యాన్ దగ్గర ఒక మామూలు పొరపాటు ఉంటుంది. స్విచ్ నేటివ్ 20 అని చెప్తోంది, మీ మేనేజ్‌మెంట్ కూడా 20, మీరు పోర్ట్‌గ్రూప్‌లో 20 అని ట్యాగ్ పెట్టారు. స్విచ్ నేటివ్ వీల్యాన్‌ని ట్యాగ్ లేకుండా పంపిస్తుంది, పోర్ట్‌గ్రూప్ ట్యాగ్ ఉన్నదాని కోసం చూస్తూ ఉంటుంది, హోస్ట్ అందదు. అలాంటప్పుడు పోర్ట్‌గ్రూప్‌లో వీల్యాన్ సున్నా వదిలేయండి, లేదా స్విచ్‌లో నేటివ్‌ని వేరేది చేయించండి, నాకైతే రెండోదే ఇష్టం, అన్నీ ట్యాగ్‌తో ఉంటే చదవడానికి తేలిక.

6. ఈ ప్రోటోకాల్స్ చెప్పనివి విడిగా పరీక్షించండి

ట్రంక్ (చాలా వీల్యాన్‌లని మోసే లింక్) మీద ఏయే వీల్యాన్‌లు వదిలారో సీడీపీ చెప్పదు, ఎల్ఎల్‌డీపీలో కొన్ని స్విచ్‌లు వీల్యాన్ పేర్లు పంపిస్తాయి గానీ అన్నీ కాదు. లినక్స్‌లో టీసీపీడంప్ మైనస్ ఈ, ఫిల్టర్ వీల్యాన్ అని పెట్టి కాసేపు చూస్తే ఏ ట్యాగులతో బ్రాడ్‌కాస్ట్ వస్తోందో కనపడుతుంది, ఈఎస్ఎక్స్ఐలో ఇందాక చెప్పిన నెట్‌వర్క్ హింట్. కానీ నిశ్శబ్దంగా ఉన్న వీల్యాన్ ఇందులో రాదు, కాబట్టి ప్రతి వీల్యాన్‌లో ఒక టెస్ట్ ఐపీ పెట్టి గేట్‌వేకి పింగ్ కొట్టాల్సిందే, అదీ ఒక్కో అప్‌లింక్‌ని విడిగా యాక్టివ్ చేసి. ఒక స్విచ్‌లో వీల్యాన్ చేర్చి రెండోదాంట్లో మర్చిపోవడం చాలా మామూలు, అది బయటపడేది ఫెయిలోవర్ రోజే.

జంబో ఫ్రేములు (9000 బైట్ల పెద్ద ఫ్రేములు) వాడితే ఈఎస్ఎక్స్ఐలో విఎంకేపింగ్ మైనస్ డీ, మైనస్ ఎస్ 8972, మైనస్ క్యాపిటల్ ఐ తో విఎంకే పేరు, లినక్స్‌లో పింగ్ మైనస్ క్యాపిటల్ ఎం డూ, మైనస్ ఎస్ 8972. 9000లో ఐపీ హెడర్‌కి 20, ఐసీఎంపీకి 8 తీసేస్తే మిగిలేది 8972.

7. మార్చడం, దాచుకోవడం

ప్రాక్స్‌మాక్స్‌లో ఈటీసీ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో పట్టిక ప్రకారం బాండ్ స్లేవ్స్, దాని మీద వీల్యాన్ అవేర్ బ్రిడ్జ్ రాసి ఐఎఫ్‌రీలోడ్ మైనస్ ఏ కొట్టండి, కొట్టేముందు సర్వర్ కన్సోల్, అంటే ఐలో గానీ ఐడ్రాక్ గానీ, ఇంకో విండోలో తెరిచి పెట్టుకోండి. కెర్నల్ అప్‌గ్రేడ్‌తో కార్డుల పేర్లు మారే అవకాశం ఉంది కాబట్టి మ్యాక్ ఆధారంగా సిస్టమ్‌డీ లింక్ ఫైల్‌తో పేరు గట్టి చేసేయండి, లేకపోతే కష్టపడి చేసిన మ్యాప్ ఒక్క రీబూట్‌తో పనికిరాకుండా పోతుంది. ఈఎస్ఎక్స్ఐలో ఆ తాత్కాలిక విస్విచ్ తీసేసి విఎంనిక్‌లని వాటి సొంత విస్విచ్‌లకి మార్చండి, కొత్త విస్విచ్‌లో కూడా సీడీపీ మోడ్ బోత్ ఉందో లేదో చూసుకోండి, కొత్తది చేసినప్పుడు మళ్లీ లిజన్‌తోనే మొదలవుతుంది.

చివరగా పొరుగువాళ్ల లిస్టుని తేదీతో ఒక ఫైల్‌లో దాచండి, ఎల్ఎల్‌డీపీసీఎల్ఐకి మైనస్ ఎఫ్ జేసన్ ఇస్తే స్క్రిప్ట్‌తో పోల్చడానికి అనువుగా వస్తుంది. డేటాసెంటర్‌లో ఎవరైనా కేబుల్ పని చేసిన ప్రతిసారీ మళ్లీ తీసి పాతదానితో పోల్చండి, స్విచ్ పేరు గానీ పోర్టు గానీ మారిన లైన్ కనపడితే పని చేసినవాళ్లు ఇంకా ర్యాక్ దగ్గరే ఉండగానే ఫోన్ చేసి సరిచేయించండి.